సొంత ఆటగాడి మీదే ‘బూ’: టికెట్ కొన్నవాడి హక్కు ఎంతవరకు?

ప్రశ్న: మాది హైదరాబాద్. లండన్‌లో స్థిరపడి చాలా ఏళ్లైంది. నాకూ, మా పదమూడేళ్ల అబ్బాయికీ ఒక ప్రీమియర్ లీగ్ క్లబ్ సీజన్ టికెట్లు ఉన్నాయి. క్లబ్ పేరు రాయడం లేదు. మా లెఫ్ట్ బ్యాక్ (ఎడమ పక్క కాసే డిఫెండర్) ఈ సీజన్‌లో రెండు మూడు పెద్ద తప్పులు చేశాడు. ఇప్పుడు అతని కాలికి బంతి తగిలితే చాలు, మా స్టాండ్ అంతా ‘బూ’ అంటోంది. పోయిన మ్యాచ్‌లో మా వాడు కూడా లేచి నిలబడి అరిచాడు. కూర్చోమంటే, “మనం డబ్బు కట్టాం కదా నాన్నా, వాళ్లు తీసుకుంటున్నారు కదా” అన్నాడు. నాకు జవాబు తోచలేదు. ఇలా అరవడం తప్పా? దాంతో నిజంగా ఆట మారుతుందా? కోపం వస్తే మరేం చేయాలి?
– ఒక పాఠకుడు, లండన్

జవాబు: మీ అబ్బాయి మాటలో సగం న్యాయం ఉందండీ. డబ్బు కట్టి చూసేవాడికి నచ్చలేదని చెప్పే హక్కు తప్పకుండా ఉంటుంది. ఎప్పుడు చెప్పాలి, ఎవరికి చెప్పాలి అన్న దగ్గరే చిక్కంతా. బంతి ఆటలో ఉండగా సొంత ఆటగాడిని గేలి చేస్తే ఆ దెబ్బ తర్వాతి పాస్ మీద పడుతుంది. ఆ పాస్ మీ జట్టుదే.

మన వాళ్లకు ఈ సంగతి క్రికెట్‌లో బాగా తెలుసు. 2024 ఐపీఎల్‌లో రోహిత్ స్థానంలో కెప్టెన్ అయిన హార్దిక్ పాండ్యాను వాంఖడేలో ముంబయి అభిమానులే గేలి చేశారు. టాస్ దగ్గర వ్యాఖ్యాత సంజయ్ మంజ్రేకర్ “కాస్త మర్యాదగా ఉండండి” అని ప్రేక్షకులకు చెప్పాల్సి వచ్చింది. జూన్ 29న టీ20 ప్రపంచ కప్ ఫైనల్ ఆఖరి ఓవర్ వేసి గెలిపించింది ఆ హార్దికే. జూలై 4న అదే వాంఖడే అతని పేరుతో మారుమోగింది. అయితే క్రికెట్‌లో బంతికీ బంతికీ మధ్య కాస్త వ్యవధి ఉంటుంది. బౌలర్ వెనక్కి నడుస్తూ ఊపిరి పీల్చుకోవచ్చు, బ్యాట్స్‌మన్ గ్లౌజులు సర్దుకోవచ్చు. ఫుట్‌బాల్‌లో ఆ వెసులుబాటు లేదు. ‘బూ’ వినపడిన క్షణానికే బంతి కాళ్ల దగ్గర ఉంటుంది, ఎదుటివాడు రెండు అడుగుల దూరంలో ఉంటాడు.

మీ లెఫ్ట్ బ్యాక్ సంగతే చూద్దాం. గోల్‌కీపర్ నుంచి సెంటర్ బ్యాక్‌కి (మధ్యలో కాసే డిఫెండర్‌కి), అతని నుంచి ఇతనికి బంతి వచ్చింది. ఎడమ పక్క టచ్‌లైన్ (మైదానం అంచు గీత), అంటే అటు పోవడానికి దారి లేదు. కుడి పక్క నుంచి ఎదుటి జట్టు వింగర్ (అంచు వెంట దాడి చేసేవాడు) దూసుకొస్తున్నాడు. ఇతని ముందు మూడు దారులున్నాయి. ఒకటి, బంతిని మళ్లీ సెంటర్ బ్యాక్‌కో గోల్‌కీపర్‌కో ఇవ్వడం. రెండు, లోపలికి మిడ్‌ఫీల్డర్‌కి ఇవ్వడం. మూడు, లైను వెంట పొడుగ్గా కొట్టడం. ఇవాళ చాలామంది కోచ్‌లు మొదటి దారినే కోరుకుంటారు. బంతి వెనక్కి వెళ్తే ఎదుటివాళ్లు దాన్ని తరుముతూ ముందుకొస్తారు, వాళ్ల మిడ్‌ఫీల్డ్ వెనక ఖాళీ ఏర్పడుతుంది, అక్కడ మనవాడికి బంతి అందుతుంది. గోల్ ముందు నుంచి ఆట మళ్లీ మొదలుపెట్టే గోల్ కిక్ సమయంలో సొంత జట్టువాడు గోల్ ముందున్న పెనాల్టీ ఏరియా లోపలే బంతి అందుకోవచ్చని 2019లో నిబంధన మారాక ఈ పద్ధతి ఇంకా పెరిగింది. స్టాండ్‌లో ఉన్నవాళ్లకు మాత్రం అది పిరికి పాస్‌లా కనిపిస్తుంది. ‘అబ్బా’ అన్న మూలుగుతో మొదలై అది ‘బూ’ అవుతుంది.

రెండోసారి బంతి వచ్చేసరికి అతనిలో మార్పు మీకే కనిపిస్తుంది. అంతకుముందు బంతి రాకముందే భుజం మీదుగా వెనక్కి ఒకటి రెండుసార్లు చూసుకునేవాడు. ఇప్పుడు చూపు బంతి మీదే అతుక్కుపోతుంది. అంతకుముందు మొదటి స్పర్శతోనే బంతిని ముందుకు జరుపుకొని, ఒళ్లు మైదానం వైపు తిప్పి నిలబడేవాడు. ఇప్పుడు అరికాలి కింద నొక్కిపెట్టి ఆపుతాడు. అందులో అర సెకను పోతుంది. వింగర్‌కి కావాల్సింది ఆ అర సెకనే. వెనక్కి ఇస్తే అరుస్తారు, పట్టుకుంటే దొరికిపోతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అందుకని బంతిని పైకి పొడుగ్గా కొట్టేస్తాడు. అది నేరుగా ఎదుటి సెంటర్ బ్యాక్ తల మీద పడి తిరిగొస్తుంది. దానికీ ‘బూ’.

ఇరవై ఏళ్లు సాధన చేసిన కాలు ఇలా ఎందుకు తడబడుతుంది? అలవాటైన పని ఆలోచించకుండా చేసినప్పుడే సాఫీగా సాగుతుంది. మెట్లు దిగేటప్పుడు ఏ కాలు ఎక్కడ వేస్తున్నానని లెక్కపెట్టుకుంటే తూలుతాం, అలాంటిదే ఇది కూడా. తన కాలిని తానే కనిపెట్టుకొని ఆడటం మొదలుపెట్టాక ఎంత నేర్పరికైనా లయ చెడుతుంది.

ఇంతకంటే పెద్ద నష్టం బంతి లేనప్పుడు జరుగుతుంది, అది టీవీలో కనపడదు. గేలికి గురైన ఆటగాడు బంతి అడగడం మానేస్తాడు. తనను కాస్తున్నవాడి వెనక, పాస్ రాలేని చోట నిలబడతాడు. చూసేవాళ్లకు తన స్థానంలోనే ఉన్నట్టు అనిపిస్తుంది కానీ నిజానికి దాక్కున్నాడు. దాంతో ఎడమ పక్క ఆట ఆగిపోతుంది, బంతులన్నీ కుడి పక్కకే పోతాయి. ఎదుటి కోచ్ ఇది పది నిమిషాల్లో పసిగడతాడు. తన ఫార్వర్డ్‌లకు ‘మిగతావాళ్లందరినీ కాయండి, అతన్ని మాత్రం వదిలేయండి’ అని చెబుతాడు. బంతి చివరికి అతని దగ్గరికే రావాలి, వచ్చాక ఒక్కసారిగా మీద పడాలి. ఈ ఎత్తు కొత్తదేమీ కాదు. ఎవరిని వలలోకి లాగాలో మీ స్టాండే చూపించినట్టవుతుంది.

ఇక మీ కోచ్ సంగతి. ప్రీమియర్ లీగ్‌లో 2022–23 నుంచి 5గురు సబ్‌స్టిట్యూట్‌లకు అనుమతి ఉంది. అయితే ఆట సాగుతుండగా మార్పులకు మూడే విడతలు. అతన్ని కాపాడటానికి ఒక మార్పు, ఒక విడత ఖర్చయిపోతాయి. ఎనభయ్యో నిమిషంలో అలసిన ఫార్వర్డ్‌ని మార్చాల్సి వస్తే చేతిలో ఏముంటుంది?

జనం అరుపుకి అంత బలం ఉందా అని మీకు సందేహం రావచ్చు. 2020–21 సీజన్ ప్రీమియర్ లీగ్ దాదాపు అంతా ఖాళీ స్టేడియాల్లోనే జరిగింది. ఇంగ్లండ్ అగ్రశ్రేణి లీగ్ చరిత్రలో సొంత మైదానంలో గెలుపులకంటే బయటి గెలుపులు ఎక్కువైన తొలి సీజన్ అదే. సొంతగడ్డ లాభంలో పెద్ద భాగం కుర్చీల్లో కూర్చునేవాళ్లదే. ఆ బలాన్ని సొంతవాడి మీదే వాడితే ఏమవుతుందో చెప్పడానికి ఆర్సెనల్ ఆటగాడు గ్రానిట్ జాకా కథ చాలు.

2019 అక్టోబర్ 27, ఆర్సెనల్ సొంత మైదానం ఎమిరేట్స్ స్టేడియం. క్రిస్టల్ ప్యాలెస్ మీద ఆర్సెనల్ తొమ్మిది నిమిషాల్లోనే 2–0 ఆధిక్యంలోకి వెళ్లి, దాన్ని పోగొట్టుకుంది. స్కోరు 2–2. 61వ నిమిషంలో కెప్టెన్ జాకా నంబరు బోర్డు మీద వెలిగింది. ముందు కేరింతలు వినిపించాయి. అతను బయటికి పోతున్నందుకు సంతోషం అది. అతను మెల్లగా నడుస్తుంటే అది ‘బూ’గా మారింది. అతను చేతులు పైకి ఊపి, ‘ఇంకా గట్టిగా’ అన్నట్టు చెవి దగ్గర అరచెయ్యి పెట్టి, నోరు పారేసుకొని, జెర్సీ విప్పేసి నేరుగా డ్రెస్సింగ్ రూమ్‌కి దారితీసే సొరంగంలోకి వెళ్లిపోయాడు. నాలుగు రోజుల తర్వాత అతను రాసిన ప్రకటనలో, కాళ్లు విరగ్గొడతామని, భార్యను చంపుతామని, కూతురికి క్యాన్సర్ రావాలని తనకు సందేశాలు వస్తున్నాయని చెప్పాడు. మరికొద్ది రోజుల్లో కెప్టెన్సీ పోయింది. నవంబర్ 29న కోచ్ ఉనాయ్ ఎమెరీ ఉద్యోగం కూడా పోయింది.

జాకా చేసింది కూడా తప్పే. కెప్టెన్ జనంతో అలా తలపడకూడదు. అయితే తర్వాత జరిగింది మీ అబ్బాయికి చెప్పండి. జాకా జనవరిలో క్లబ్ వదిలి వెళ్లిపోవడానికి సిద్ధపడితే, కొత్త కోచ్ మికెల్ ఆర్తెతా నచ్చజెప్పి ఆపాడు. ఆ జాకానే 2022–23లో ఆర్సెనల్ టైటిల్ పోరులో నిలవడానికి ఒక ముఖ్య కారణమయ్యాడు. 2023 మే 28న వుల్వ్స్ మీద 5–0తో గెలిచిన తన చివరి మ్యాచ్‌లో రెండు గోల్స్ కొట్టాడు. అదే స్టేడియం అతని పేరు పాడి సాగనంపింది. మరుసటి సీజన్ అతనున్న బేయర్ లెవర్కూసెన్ 34 మ్యాచుల్లో ఒక్కటీ ఓడకుండా జర్మన్ లీగ్ గెలిచింది. ఆ అక్టోబర్ సాయంత్రం స్టాండ్ మాట నెగ్గి ఉంటే ఆర్సెనల్ ఇంత ఆటగాడిని కారుచౌకగా వదులుకునేది. అందరూ గేలి చేసే ఆటగాడిని అమ్మక తప్పదని బేరం ఆడేవాళ్లకు తెలిసిపోతుంది మరి.

ఇదే క్లబ్‌లో 2008 డిసెంబర్‌లో విగాన్ జట్టుతో జరిగిన మ్యాచ్ ఇంకోటి. గాయం నుంచి కోలుకుంటున్న ఎమాన్యుయెల్ ఎబూయే, సహచరుడు నస్రీ గాయపడటంతో మొదటి సగంలోనే సబ్‌స్టిట్యూట్‌గా వచ్చాడు. స్వతహాగా రైట్ బ్యాక్ అయిన అతన్ని ఎడమ మిడ్‌ఫీల్డ్‌లో ఆడించారు. తడబడ్డాడు, జనం వెక్కిరించారు. చివర్లో అతన్నీ బయటికి పిలిచారు, మైదానం వదిలేటప్పుడు ఇంకా అరిచారు. ఆర్సెనల్ ఆ మ్యాచ్ 1–0తో గెలుస్తోంది! స్థానం మార్చింది అతను కాదు, ఫిట్‌నెస్ పూర్తిగా లేకున్నా ఆడమన్నదీ అతను కాదు. శిక్ష మాత్రం అతనికి పడింది.

‘అరిస్తే రోషం వస్తుంది, బాగా ఆడతాడు’ అనేవాళ్లుంటారు. కొందరికి వస్తుంది కూడా. స్పెయిన్ క్లబ్ రియల్ మాడ్రిడ్‌లో ఈలలు వేసి నిరసన తెలపడం ఎప్పటినుంచో ఉన్న ఆచారం. క్రిస్టియానో రొనాల్డో ఆ ఈలల మధ్యే గోల్స్ కొట్టాడు. అలాంటి రొనాల్డో కూడా 2017 ఏప్రిల్‌లో జర్మన్ క్లబ్ బేయర్న్ మీద హ్యాట్రిక్ కొట్టిన రాత్రి పెదవుల మీద వేలు పెట్టి, ఈలలు వేయొద్దని మాత్రమే అడుగుతున్నానన్నాడు. తొమ్మిదేళ్ల వయసు నుంచి ఆ క్లబ్‌లోనే పెరిగిన గోల్‌కీపర్ కసియాస్‌కి చివరి సీజన్ అంతా సొంత మైదానంలోనే ఈలలు ఎదురయ్యాయి, 2015లో వెళ్లిపోయాడు. ఎవరు రోషపడతారో, ఎవరు ముడుచుకుపోతారో ముప్పయ్యో వరసలో కూర్చున్న మనకు తెలియదు. తెలియని మందు వేయడం మంచిది కాదు.

కోపం వచ్చినప్పుడు ముందు ఇది చూడండి. ఆ ఆటగాడు చేసింది పొరపాటా, నిర్ణయమా, బద్ధకమా? కాలు జారితే, బంతి కాస్త పక్కకు తగిలితే అది పొరపాటు. పొరపాటుకి గేలి ఏ రకంగానూ మందు కాదు. వెనక్కి పాస్ ఇవ్వడం, ముందుకు పరిగెత్తకపోవడం నిర్ణయాలు. అందులో చాలా భాగం కోచ్ చెప్పినవే ఉంటాయి. వింగర్ వెనక్కి రాకుండా పైనే నిలబడ్డాడంటే బంతి దొరకగానే ఎదురుదాడికి పంపడానికి కోచ్ అక్కడ ఉంచి ఉండొచ్చు. అదే ఏర్పాటు వల్ల మీ లెఫ్ట్ బ్యాక్ ఒక్కడే ఇద్దరిని కాయాల్సి వస్తుంది, దాటిపోతే నింద అతనిదే. బద్ధకం పట్టుకోవడానికి ఒక గుర్తు ఉంది. తన పక్కన జట్టు బంతి పోగొట్టుకున్న మొదటి ఐదారు సెకన్లలో ఏం చేస్తున్నాడో చూడండి. అప్పుడు పరిగెత్తేవాడు బద్ధకస్తుడు కాడు, ఎంత పేలవంగా ఆడినా సరే.

స్టాండ్‌లో చేయగలిగింది కూడా చాలా ఉంది. తప్పు జరిగాక మొదటి రెండు మూడు సెకన్లలో ఎవరు ముందు శబ్దం చేస్తే మిగతావాళ్లు అటే పోతారు. పక్కవాడిని ‘అరవకండి’ అని మందలించొద్దు, గొడవ ముదురుతుంది తప్ప లాభం లేదు. మీరిద్దరూ చప్పట్లు మొదలెట్టండి, లేదా అందరికీ వచ్చిన పాట ఏదైనా ఎత్తుకోండి. ఆ ఆటగాడి పేరుతో పాట మాత్రం ఆ క్షణాన వద్దు, వెక్కిరింపులా వినపడొచ్చు. జట్టు పాట మంచిది. ఇంకో జాగ్రత్త: తప్పు తర్వాత అతను ఐదు గజాల మామూలు పాస్ ఇస్తే ఎగతాళిగా హోరెత్తించే అలవాటు ఒకటుంది. అది ‘బూ’ కంటే హీనం. మామూలు పాస్‌కి మామూలుగా ఊరుకోండి. బంతి లాక్కున్నా, ఎదుటివాడిని దాటినా అప్పుడు చప్పట్లు కొట్టండి. అతన్ని మార్చేటప్పుడు నంబరు చూసి కేరింతలు కొట్టొద్దు. 2019 నుంచి ఆటగాడు దగ్గర్లో ఉన్న గీత దాటి బయటికి వెళ్లాలి. లెఫ్ట్ బ్యాక్ అయితే ఒక్కోసారి స్టాండ్ ముందు నుంచే బెంచీ దాకా చుట్టూ నడిచి వస్తాడు. ఆ నడక చాలా పొడుగు.

విరామంలో ‘బూ’ అనడం మాకు నచ్చదు. కోచ్‌కి జట్టును సరిదిద్దుకోవడానికి దొరికేవి 15 నిమిషాలే, అందులో కొంత ఊరడించడానికే పోతుంది. ఆఖరి విజిల్ తర్వాత వేరు. జట్టు మొత్తం చేతులెత్తేసిందని నిజంగా అనిపిస్తే, అప్పుడు జట్టు మొత్తం మీద అసంతృప్తి వినిపించడంలో తప్పు లేదు. ఒక్క పేరు పట్టుకొని మాత్రం వద్దు.

అసలు కోపం యజమానుల మీదైతే దానికి పనిచేసే దారులున్నాయి. 2016 ఫిబ్రవరి 6న సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో టికెట్ ధర 77 పౌండ్లకు పెంచబోతున్నారని లివర్‌పూల్ అభిమానులు సరిగ్గా 77వ నిమిషంలో లేచి బయటికి నడిచారు. దాదాపు పదివేల మంది. అప్పటికి సండర్లాండ్ మీద 2–0తో గెలుస్తున్న జట్టు 2–2తో ముగించింది. నాలుగు రోజుల్లో యజమానులు క్షమాపణ చెప్పి ఆ ధర వెనక్కి తీసుకున్నారు. 2024 ఫిబ్రవరిలో జర్మనీలో బయటి పెట్టుబడిదారుకు వ్యతిరేకంగా అభిమానులు మైదానంలోకి టెన్నిస్ బంతులు విసిరి ఆట ఆపేశారు, లీగ్ ఆ ఒప్పందాన్నే వదులుకుంది. మైదానంలోకి ఏదైనా విసరడం ఇంగ్లండ్‌లో నేరం కాబట్టి మీరు ఆ దారి పట్టొద్దు. 2023–24 నుంచి ప్రతి ప్రీమియర్ లీగ్ క్లబ్‌కీ అభిమానుల సలహా మండలి ఉండాలన్న నియమం ఉంది. మీ క్లబ్ మండలిలో ఎవరున్నారో వెబ్‌సైట్‌లో చూసి, ఫలానా తేదీ, ఫలానా విషయం అని పేర్కొంటూ రాయండి. ‘మేనేజ్‌మెంట్ బాగోలేదు’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ‘రెండేళ్లుగా రెండో లెఫ్ట్ బ్యాక్‌ని ఎందుకు కొనలేదు’ అని రాస్తే జవాబు చెప్పాల్సి వస్తుంది.

ఒక గీత మాత్రం దాటకూడదు. ‘బూ’తో పాటు ఒంటి రంగు, జాతి, పుట్టుక గురించి అవమానకరమైన మాటలు వినపడితే అది అసంతృప్తి కాదు, నేరం. 1991 ఫుట్‌బాల్ నేరాల చట్టం కింద కేసవుతుంది, కోర్టు 3 నుంచి 10 ఏళ్ల దాకా స్టేడియం నిషేధం విధించవచ్చు. బ్లాకు, వరస, సీటు, గడియారంలో నిమిషం గుర్తుపెట్టుకొని స్టీవర్డ్‌కి (స్టాండ్‌లో ఉండే స్టేడియం సిబ్బందికి) చెప్పండి. మీ అబ్బాయి ముందే చెప్పండి.

మన దేశంలో కష్టం ఇంకో రకం. 2018 జూన్‌లో ముంబయిలో చైనీస్ తైపీ మీద భారత్ 5–0తో గెలిచిన మ్యాచ్‌కి వచ్చినవాళ్లు 2,569 మంది. భారత కెప్టెన్‌గా ఉన్న సునీల్ ఛెత్రి వీడియోలో చేతులు జోడించి, ఇంటర్నెట్‌లో తిట్టే బదులు స్టేడియానికి వచ్చి మా మొహం మీదే అరవండి, తిట్టండి, కానీ రండి అని వేడుకున్నాడు. తర్వాతి కెన్యా మ్యాచ్‌కి టికెట్లన్నీ అయిపోయాయి. అరుపుకైనా నోచుకోని ఆటగాళ్లు ఉంటారని, ఆ కుర్చీలో కూర్చోవడమే పెద్ద బలమని మీ వాడికి ఈ వీడియో చూపించి చెప్పండి.

వచ్చే శనివారం ఒక పని చేయండి. ఒక చీటీ మీద మూడు గళ్లు గీసి అబ్బాయికి ఇవ్వండి. మొదటి పది నిమిషాలు బంతిని వదిలేసి ఆ లెఫ్ట్ బ్యాక్‌నే చూడమనండి. బంతి కోసం ఎన్నిసార్లు ఖాళీలోకి వచ్చాడు, బంతి అందినప్పుడు దగ్గర్లో పాస్ ఇవ్వడానికి ఎందరు ఉన్నారు, బంతి పోయాక ఎన్నిసార్లు పరిగెత్తాడు. మూడింటికీ గీతలు పెడితే చాలు. రెండో సగంలో ఇంకో పది నిమిషాలు, స్టాండ్ అరవడం మొదలయ్యాక. రైల్లో ఇంటికి వస్తూ రెండుసార్లు పెట్టిన గీతలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. అబ్బాయి ఏమన్నాడో మాకూ రాయండి.